అడ్మిన్ సార్

కాలేజీలో పిల్లలు ఆమెను లైబ్రరీ మేడమ్ అంటారు. ఏళ్ళ తరబడి పుస్తకాల బీరువాల మధ్య ఉండడం వల్ల ఆమెకు రెండు గుణాలు వంటబట్టాయి. ఎక్కడి వస్తువు అక్కడ లేకపోతే అన్నం సయించదు. ఎవరైనా గొంతు పెంచితే కళ్ళజోడు మీదుగా ఒక చూపు చూస్తుంది, ఆ చూపుకు ఎంతటి పిల్లాడైనా నోరు మూస్తాడు. ఇలాంటి మనిషి చేపట్టకూడని పని లోకంలో ఒకటుంటే, అది పాత అమెరికా కార్ల యజమానులందర్నీ ఒకచోట చేర్చడం. ఆ మాట ఆమెకు ముందుగా చెప్పినవారెవరూ లేరు.

కారు మేనమామది. ఆయన పెళ్ళీ పెటాకులూ లేకుండా ఆ కారునే కట్టుకున్నాడని ఇంట్లో హాస్యమాడేవారు. పడవంత పొడుగు, ముందు వెండి పళ్ళలా మెరిసే బంపరు, వెనక చేప రెక్కల్లాంటి తోకలు. స్టీరింగ్ ఎడమవైపు. గేరు కింద ఉండదు, స్టీరింగ్ పక్కనే కర్రలా ఉంటుంది. కాలేజీలో చదువుకు చేరిన ఏడాది సెలవుల్లో ఆమెకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే, ఆ కారు మీదే. "మలుపు వచ్చాక తిప్పితే లాభం లేదే, మలుపు కనపడగానే మనసులో తిప్పేసుకోవాలి" అనేవాడు. ఆయన పోయాక మిగతా మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూ పనికొచ్చేవి పంచుకున్నారు. పనికిరానిది కాబట్టి కారు నిర్వివాదంగా ఈమె వాటాకు వచ్చింది.

ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో దాన్ని పెడితే ముక్కు బయటకు వచ్చింది. వెనక్కి నెడితే తోక వంటింటి కిటికీని మూసింది. గేటు సగమే పడేది. ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే భర్త రోజూ పొద్దున స్కూటర్‌ని అడ్డంగా, నిలువుగా, చివరకు ఎత్తి బయటకు తెచ్చుకునేవాడు. అలా తెచ్చుకున్నప్పుడల్లా, నాలుగు చక్రాలుండి కదలనిదాన్ని కారు అనరు, మంచం అంటారు అని ఒక మాట వదిలి వెళ్ళేవాడు. ఆ మాట అత్తగారికి నచ్చింది. వెనక సీటు నిజంగానే మంచమంత ఉండడంతో, మధ్యాహ్నాలు ఆవిడ రెండు తలుపులూ తెరిచి, అందులో కాళ్ళు చాపుకుని బఠానీలు ఒలుచుకునేది.

కదలకపోవడానికి కారణం చాలా చిన్నది. ట్యాంకులోని పెట్రోలును ఇంజనుకు అందించే పంపులో రబ్బరు పొర చినిగింది. మెకానిక్ దాన్ని అరచేతిలో పెట్టి చూపించి, ఇలాంటిది కొట్లలో దొరకదనీ, ఇలాంటి బండ్లున్న వాళ్ళ అటకల మీద మాత్రమే దొరుకుతుందనీ చెప్పాడు.

"ఎవరెవరికి ఉన్నాయి?" అని అడిగింది ఆమె.

"చాలామందికే ఉన్నాయి మేడమ్. కానీ ప్రతివాడూ తన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదనే చెప్తాడు."

ఆ మాట ఆమెకు లైబ్రేరియన్‌గా తగిలింది. ఉన్నవాటికి జాబితా లేకపోవడమేమిటి? ఆ ఆదివారమే ఫోన్‌లో ఒక గ్రూపు మొదలుపెట్టింది. తన పేరు పెట్టుకోవడం ఎందుకని కారు బొమ్మ పెట్టి, కింద 'అడ్మిన్' అని రాసింది. మెకానిక్ ఇచ్చిన నంబర్లన్నీ చేర్చింది. మొదటి మనిషి లోపలికి వస్తూనే "నమస్కారం అడ్మిన్ సార్" అన్నాడు. తాను సార్‌ని కానని ఆమె మర్యాదగా రాసింది. "ఓకే సార్" అని జవాబు వచ్చింది. ఇంకోసారి రాసింది. ఈసారి దణ్ణం పెట్టే బొమ్మ వచ్చింది. సరే, పని జరిగితే చాలు, సార్ అయితేనేం, సర్వేశ్వరుడైతేనేం అనుకుని వదిలేసింది. ఆ వదిలెయ్యడం ఎక్కడికి దారి తీస్తుందో అప్పుడు తెలియలేదు.

గ్రూపు వానాకాలం తుమ్మమొక్కల్లా పెరిగింది. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చారు, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చారు. ఫోన్‌లో చాలక, ఆమె కాలేజీలో కంప్యూటర్లు చూసే కుర్రమేష్టారిని బతిమాలి ఒక వెబ్‌సైటు కట్టించింది. ఇంజను ప్రశ్నలు ఒక గదిలో, రంగులూ సీట్లూ ఒక గదిలో, కావలసిన భాగాలు ఒకచోట, ఇవ్వగలిగినవి ఒకచోట. బీరువాలు సర్దినంత ముచ్చటగా సర్దింది. ఒక్కరంటే ఒక్కరు సరైన గదిలో రాస్తే ఒట్టు. బ్రేకుల గదిలో శుభోదయాలు, అమ్మకాల గదిలో మనవడి ఫొటోలు, ఇంజను గదిలో మోకాళ్ళ నొప్పులకు చిట్కాలు. బ్యాటరీ ఆరు వోల్టులా పన్నెండా అన్న ప్రశ్న వారానికొకరు అడిగేవారు. జవాబు పైనే ఉంది, చూడండి అంటే, చూసే తీరిక లేదు సార్, మీరే చెప్పేయండి అనేవారు. ఇంత రాయడానికి తీరిక ఉన్నవాడికి అంత చదవడానికి తీరిక ఎందుకు లేదో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వీళ్ళందరిలో ఇద్దరు ఆమెకు తలప్రాణం తోకకు తెచ్చారు. ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన ప్లీడరు. డాక్టరు కారు లేత ఆకుపచ్చ. ఆ ఏడాది కంపెనీ ఆ రంగే వెయ్యలేదని ప్లీడరు వాదన. తన తండ్రి కొన్న రోజున ఆ వెనక సీట్లో కూర్చుని తాను ఐస్‌క్రీమ్ ఒలకబోశాననీ, తన్నులు తిన్నవాడికి కారు రంగు గుర్తుండదా అనీ డాక్టరు వాదన. ఒకరోజు డాక్టరు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోతాడు. ఆమె ఫోన్ చేసి బుజ్జగించి తీసుకొస్తుంది. ఆయనను తీసుకొచ్చినందుకు ప్లీడరు అలుగుతాడు. పెళ్ళిలో ఇద్దరు వియ్యంకులను సంబాళించే పెద్దమనిషికైనా మూడోనాటికి విముక్తి ఉంటుంది. ఆమెకు అదీ లేదు.

ఇంతకీ ఆమెకు కావలసిన పంపు ఉందా? ఉంది. కోళ్ళఫారం నడిపే ఒకాయన దగ్గర ఉంది. ఆయన మంచివాడు, కానీ బదులుగా తన బండికి వెనకదీపం ఎర్ర అద్దం కావాలన్నాడు. ఆ అద్దం ప్లీడరు దగ్గర ఉంది. డాక్టరు తన మాట వెనక్కి తీసుకుంటేనే ఇస్తానన్నాడు ప్లీడరు. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ళు అని వినడమే గానీ, అటక మీది అద్దానికి ఆకుపచ్చ రంగును తాకట్టు అడిగేవాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు. చివరకు ఒక మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని, ప్లీడరుగారు చెప్పింది కంపెనీ వేసిన రంగు గురించి, డాక్టరుగారు చెప్పింది తమ తండ్రిగారు ఇంటికి తెచ్చిన రంగు గురించి, ఇద్దరూ నిజమే చెప్పారు, చర్చ ముగిసింది అని ప్రకటించింది. తానే గెలిచానని ఇద్దరూ పొంగిపోయారు. అద్దం కదిలింది, పంపు వచ్చింది. మేనమామ కారు గొంతు సవరించుకుని, షెడ్డు రేకులు అదిరేలా దగ్గి, లేచింది. బఠానీల గిన్నెతో సహా అత్తగారు కూడా లేచింది.

అప్పటినుంచీ అందరూ, ఒకసారి కలుద్దాం సార్ అని మొదలుపెట్టారు. స్కూలు మైదానం అడిగి ఒప్పించింది ఆమె. ఏ కారు ఎక్కడ నిలబడాలో సున్నంతో గీతలు గీయించింది, టీ చెప్పింది, కుర్చీలు చెప్పింది, మైకు చెప్పింది. ప్రతివాడికీ దారి విడివిడిగా వివరించింది. ఎందుకంటే అందరికీ కలిపి రాసినది ఎవరూ చదవలేదు.

ఆ ఆదివారం పొద్దున ఆమె స్టీరింగ్ దగ్గర, భర్త ముందు సీట్లో పక్కన, అత్తగారు వెనక. గేటులోంచి కారు లోపలికి వస్తుంటే మైదానంలో ఉన్నవాళ్ళంతా లేచారు. స్టీరింగ్ ఎడమవైపుందన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికీ తోచలేదు. ఆ ఊళ్ళో మామూలు కార్లలో కుడిపక్కన కూర్చున్నవాడే నడిపేవాడు. బిలబిలమంటూ వచ్చి, కుడివైపు తలుపు తీసి, అడ్మిన్ సార్, అడ్మిన్ సార్ అంటూ భర్త చేతులు పట్టుకుని దింపుకుని తీసుకుపోయారు. తాను కాదని ఆయన చెప్పకపోలేదు. ఎంత నిగర్వి, చూశారా అన్నారు.

ఆమె దిగేసరికి ఎడమవైపు ఎవరూ లేరు. ఒక పెద్దాయన మాత్రం, ఆడవాళ్ళకు చెట్టుకింద వేయించామమ్మా అని కుర్చీలు చూపించాడు. ఆ కుర్చీలు ఎక్కడ వెయ్యాలో రాసి పంపింది ఆమే. ఇంకొకాయన వచ్చి, టీ గ్లాసులు సరిపోయేలా లేవు, కాస్త చూడండి అన్నాడు. చూసింది. సరిపోతాయి. గీతల లోపల ఒక్క కారు కూడా నిలబడలేదు. లేత ఆకుపచ్చ కారు తిన్నగా గేటు పక్కనే ఉంది. దాని దగ్గర నిలబడి బంపరు తుడుస్తున్నాయన డాక్టరే అయివుండాలని వెళ్ళింది.

"డాక్టరుగారూ, నమస్కారం. అడ్మిన్ని నేనండీ."

ఆయన నోరారా నవ్వాడు. పళ్ళు చక్కగా ఉన్నాయి.

"మా ఇంట్లోనూ అంతేనమ్మా. పేరుకే నేను, అసలు అడ్మిన్ మా ఆవిడే."

"అది కాదండీ. రాసేది నేను. మీరు అలిగినప్పుడల్లా ఫోన్ చేసేది నేను."

"అవునవును, మీ గొంతు గుర్తుపట్టాను. సార్ తరఫున పాపం మీరెంత ఓపిగ్గా మాట్లాడేవారో" అని, ఆయన మళ్ళీ బంపరు వైపు తిరిగాడు.

ఈలోగా మైకులో ప్లీడరు ఉపన్యాసం మొదలైంది. చేసిన పని చెప్పుకోని మహానుభావుడు మన మధ్య ఉన్నాడని, పంతాలకు పోయిన పెద్దలను ఒక్క వాక్యంతో కలిపిన మేధావి అని, ఆమె వాక్యాన్నే చదివి వినిపించాడు. వేదిక మీద నడిమి కుర్చీలో భర్త కూర్చుని ఉన్నాడు. చేతిలో టీ కప్పు. దూరం నుంచి ఆమెను చూసి, నేనేం చెయ్యను అన్నట్టు భుజాలు ఎగరేశాడు. లేవలేదు.

భుజాలు ఎగరేసినందుకు కాదు, లేవనందుకు ఆమెకు ఒళ్ళు మండింది. మైకు దగ్గరకు వెళ్ళి నాలుగు మాటలు అందామా అని ఒక అడుగు వేసింది కూడా. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, అదేమిటి కొరుకుతున్నావు అని అడిగాడట. ఇన్నాళ్ళూ ఊదింది చాలు అనుకుంది. వెనక్కి తిరిగి కారు ఎక్కి, తాళం తిప్పి, గేరు కర్రను కిందికి లాగింది. అంత పెద్ద శబ్దానికి ఉపన్యాసం ఆగింది. అడ్మిన్ సార్ కారును ఎవరో ఎత్తుకుపోతున్నారని ఒకాయన గేటు వైపు పరుగెత్తాడు. ఆయనను తప్పించి ఆమె రోడ్డెక్కింది.

వెనక సీట్లో కునుకు తీస్తున్న అత్తగారు కళ్ళు తెరిచింది. "అబ్బాయేడీ?"

"అక్కడున్నారు అత్తయ్యా. పొగుడుతున్నారు."

"ఎందుకూ?"

"ఈ గ్రూపు అంతా ఆయనే నడుపుతున్నారట."

అత్తగారు లేచి కూర్చుంది. "వాడు స్కూటరుకు గాలి ఎక్కడ కొట్టిస్తాడో నాకే తెలీదు" అంది. ఆ తర్వాత, "ఎలాగూ బయల్దేరాం, చెరువుగట్టు మీదుగా తిప్పు. గాలొస్తోంది" అంది.

భర్త పొద్దు వాలుతుండగా కోళ్ళఫారం వ్యానులో దిగాడు. చొక్కా మీద ఈకలున్నాయి. ఆయనే చెప్పుకొచ్చాడు. అన్నిటిలోకీ మంచి కారు ఏదో సార్ చెప్పాలన్నారట. ఆయన మెరుస్తోంది కదా అని ఎర్రదాన్ని చూపించాడట. దాని పైతొడుగు మాత్రమే అమెరికాది, లోపలంతా నిన్నగాక మొన్నటి జీపుదని తేలి యుద్ధం మొదలైందట. అప్పుడు లేచి, నాకేమీ తెలీదు మహాప్రభో, తెలిసిన మనిషి పొద్దునే వెళ్ళిపోయింది అన్నాడట. అది తనను ఎత్తిపొడవడమేనని ప్లీడరు అలిగాడట. కార్బురేటరు అంటే ఏమిటో తెలీకుండా దాని మీద పొద్దంతా తీర్పులు చెప్పి వచ్చానన్నాడు.

"నీకు రోజూ వీళ్ళతోనేనా?" అన్నాడు చివరికి.

"రోజూ. నేను ఫోన్ పట్టుకుంటే మీరు సణిగేది వీళ్ళ గురించే."

"మొదట్లోనే లేచి చెప్పాల్సింది. కుర్చీ వేశారు కదా అని కూర్చుండిపోయాను."

"అవును. కూర్చున్నారు" అంది ఆమె.

మర్నాడు లైబ్రరీలో మధ్యాహ్నం ఖాళీ దొరకగానే అందరికీ కనపడేలా రాసింది. తాను లైబ్రేరియన్‌ననీ, ఆడమనిషిననీ, నిన్న కారు నడుపుకుని వెళ్ళిపోయింది తానేననీ, సైటు కొన్నాళ్ళు మూసి ఉంటుందనీ, ఈలోగా బ్యాటరీ ఎన్ని వోల్టులో ఎవరికి వారు తెలుసుకోవాలనీ. తరవాత అడ్మిన్ సార్ ఫోను ఎవరో దొంగిలించారని డాక్టరు హెచ్చరిక పెట్టాడు. సార్ అన్నది గౌరవవాచకమే తప్ప లింగవాచకం కాదని ప్లీడరు ఒక వ్యాసం రాసి, దాన్ని టైర్ల గదిలో పెట్టాడు. కోళ్ళఫారం ఆయన మాత్రం ఫోన్ చేశాడు.

"ఎప్పుడు చేసినా మీరే ఎత్తేవారు మేడమ్. సార్‌ని అడిగి చెప్తున్నారనుకున్నాను. అంత వెంటవెంటనే జవాబు చెప్తుంటే, అడిగే వ్యవధి ఎక్కడుందని నాకు తోచలేదు. తప్పయింది."

ఇలా నేరుగా చెప్పినవాడు ఆయనొక్కడే. మూసేసిన సైటును మూసినట్టే ఉంచేద్దామని ఆమె దాదాపు నిశ్చయించుకుంది. కొరివితో తల గోక్కోవడం ఎందుకు? కారు నడుస్తోంది, కావలసిన పంపు దొరికింది, తనకింక వీళ్ళతో పనేముంది?

ఆ వారంలోనే ఒక సాయంత్రం తలుపు తట్టి ఒక పెద్దావిడ వచ్చింది. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, చేతిలో కారు తాళాలు. గ్రూపులో ఒక సభ్యుడున్నాడు, చేరిన నాటి నుంచీ ఒక్క ముక్క రాయలేదు. అందరూ ఆయనను మౌనిస్వామి అనేవారు. ఆ మౌనిస్వామి తానేనంది ఆవిడ. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. కారు భర్తది, ఆయన పోయారు. కొడుకు పేరుతో గ్రూపులో చేరి, అందరి తగువులూ చదువుతూ, వాటి మధ్య ఎక్కడైనా పనికొచ్చే మాట ఉంటే కాగితం మీద రాసుకునేదట.

"చలికి బండి లేవడం లేదు. చోకు ఎంత లాగాలో అడుగుదామని ఎన్నిసార్లు రాసి తుడిచేశానో" అంది.

"అడక్కపోయారా?"

"అడిగితే తెలిసిపోతుంది. తెలిస్తే, మీకెందుకమ్మా ఈ అవస్థ, మాకు ఇచ్చెయ్యండి అంటారు. మా బంధువుల్లో అప్పటికే ఇద్దరు అన్నారు."

తాను సార్‌గా ఉండిపోవడం తనకొక్కదానికే చిరాకనుకుంది లైబ్రరీ మేడమ్ ఇన్నాళ్ళూ. ఆ కారు బొమ్మ వెనక తాను దాక్కుంటే, దాన్ని చూసి ఇంకొకావిడ ఇంకా లోపలికి దాక్కుంది. టీ పెట్టి, తన మీద తనకే కోపంగా చోకు సంగతి చెప్పింది. వెళ్ళేముందు ఆ పెద్దావిడ, సైటు మూసే ఉంచెయ్యకండి, నాకు వేరే దిక్కులేదు అంది.

సైటు తెరిచింది. ఈసారి కారు బొమ్మ తీసేసి, కళ్ళజోడు మీదుగా చూస్తున్న తన ఫొటో పెట్టింది. తప్పు గదిలో రాసినది చెప్పకుండా తీసేస్తానంది, అన్నట్టే తీసేసింది. ఆ వేడికి ప్లీడరు తట్టుకోలేక కొందరిని వెంటబెట్టుకుని వేరే గ్రూపు పెట్టుకున్నాడు. అక్కడ ఏం జరుగుతోందో ఆమె అడగలేదు గానీ, పండక్కి అలిగిన అల్లుడిలా ఆయనే ఒకరోజు ఫోన్ చేసి, తన గ్రూపు కాస్త గందరగోళంగా ఉందనీ, వీలు చూసుకుని సర్దిపెట్టగలరా అనీ అడిగాడు. వీలు లేదని చెప్పింది. ఆ మాట చెప్పడం అంత సులువని ఇంతకుముందు తెలియనందుకు ఆశ్చర్యపోయింది. డాక్టరు మాత్రం, ఫోను దొరికినందుకు అభినందనలు మేడమ్ అని రాశాడు. భర్త ఇప్పుడు భోజనాల దగ్గర ఫోన్ గురించి సణగడు. ఎవరు ఎవరి మీద అలిగారో అడిగి తెలుసుకుని, వాళ్ళ పక్షాన వాదిస్తాడు. అది ఇంకొక చిరాకు.

తరవాత్తరవాత నర్సమ్మ సొంత పేరుతో రాయడం మొదలుపెట్టింది, మరో ఇద్దరు ఆడవాళ్ళు బయటపడ్డారు. ఒకామె తండ్రి కారు నడుపుతుంది, ఇంకొకామె సొంతంగా కొనుక్కుంది. ఆదివారం పొద్దున్నే కాలేజీ వెనక ఖాళీ రోడ్డులో నలుగురూ కలుస్తారు. ఇక్కడైనా ప్రశాంతంగా ఉంటుందనుకుంది లైబ్రరీ మేడమ్. ఉండదు. నర్సమ్మ మొదటి గేరు వదలదు. సైకిలు వాళ్ళు బెల్లు కొట్టి మరీ దాటిపోతుంటారు. మొన్న పక్క సీట్లో కూర్చుని, రెండో గేరు వెయ్యండి, రెండో గేరు వెయ్యండి అని చెప్పీ చెప్పీ ఆమె గొంతు పెంచింది.

నర్సమ్మ కారును రోడ్డు మధ్యలో ఆపేసింది. "మీరు ఇలాగే అరిస్తే నేను మళ్ళీ రాయడం మానేస్తాను" అంది.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. వెనక ఎవరో హారన్ కొట్టారు. నర్సమ్మ కదల్లేదు. ఆమె అద్దాలు తుడవడం అయ్యాక తుడిచినవే మళ్ళీ తుడిచింది. హారన్ రెండోసారి మోగాక నర్సమ్మే నెమ్మదిగా బండి కదిలించి, కాస్త దూరం పోయాక, ఎవరూ చెప్పకుండానే, పళ్ళు నూరినంత చప్పుడు చేస్తూ రెండో గేరు వేసింది.